సంచి విప్పాకే కేస్ షీట్: వార్డులో క్లినికల్ ఫార్మసిస్ట్‌గా పని మొదలుపెట్టేవాళ్ళకి

ఫార్మ్‌డీ (ఫార్మసీలో ఆరేళ్ళ డిగ్రీ) అయిపోయి కొత్తగా వార్డుకొచ్చిన పిల్లలు మొదటి వారంలో నన్ను అడిగేది ఒక్కటే: "అక్కా, పొద్దున్నే వచ్చి ముందు ఏం చూడాలి?" కాలేజీలో నేర్పిన జవాబు కేస్ షీట్. నేను మాత్రం పేషెంటు మంచం కిందున్న సంచి చూడమంటాను, కేస్ షీట్ ఆ తర్వాతే. ఎందుకో అర్థం కావాలంటే మాది ఎలాంటి ఊరో ముందు చెప్పాలి.

ఒడిశాలోని మా బరంపురంలో ఏ మెడికల్ వార్డుకెళ్ళినా ఒక మంచం మీద ఇచ్ఛాపురం నుంచో కవిటి నుంచో వచ్చినవాళ్ళు, పక్క మంచం మీద పర్లాకిమిడి వాళ్ళు, ఆ పక్కన గజపతి కొండల మీంచి జ్వరంతో దింపిన సవర పిల్లాడు ఉంటారు. 1936లో ఒడిశా విడిగా ఏర్పడేదాకా ఇదంతా మద్రాసు కింద గంజాం జిల్లాయే, అందుకే చుట్టరికాలు ఇప్పటికీ రెండువైపులా ఉన్నాయి, మందుల షాపులూ రెండువైపులా ఉన్నాయి. కూతురింటికి బరంపురం వచ్చినప్పుడు ఇక్కడి డాక్టరు రాసిన బీపీ బిళ్ళ, సొంతూరు వెళ్ళాక అక్కడి డాక్టరు రాసిన బీపీ బిళ్ళ, రెండూ వేసుకుంటూ ఉంటారు. పేరు వేరు, రంగు వేరు, లోపల మందు ఒకటే. దానికితోడు ఒడిశా సర్కారు ఆసుపత్రిలో నిరామయ పథకం కింద ఉచితంగా ఇచ్చిన మాత్రలు ఇంకో కవర్లో ఉంటాయి, వాటి మీద కంపెనీ పేరు కాకుండా మందు పేరే పెద్దగా ఉంటుంది కాబట్టి ఇంట్లోవాళ్ళకి అది మూడో మందు.

నేను పనిలో చేరిన తొలి రోజుల్లో ఇదే పట్టుకోలేకపోయాను. కవిటి వైపు నుంచి ఒక పెద్దావిడ, 62 ఏళ్ళు, మూత్రంలో ఇన్‌ఫెక్షన్, చలి జ్వరంతో చేరింది. క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చూపే రక్త పరీక్ష) 2.1, పొటాషియం 5.6, రెండూ ఎక్కువే. డాక్టరుగారు మొదటి రోజే టెల్మిసార్టన్ (పొటాషియం పెంచే బీపీ మందు) ఆపేశారు, చార్టులో గీత కొట్టి ఉంది. నేను పాత చీటీ చూసి మందుల చరిత్ర రాసేసి, అంతా సరిపోయిందని సంతకం పెట్టేశాను. రెండో రోజు పొటాషియం 5.9, మూడో రోజు 6.2. ఎందుకు పెరుగుతోందో ఎవరికీ అంతుపట్టలేదు. ఆ రాత్రి తొమ్మిదింటికి వేరే పేషెంటు కోసం వార్డుకెళ్తే, ఆవిడ కూతురు చీరల షాపు జిప్ కవర్లోంచి ఒక మాత్ర తీసి అమ్మ నోట్లో వేస్తోంది. ఏమిటమ్మా అది అంటే, "బీపీ బిళ్ళమ్మా. ఏటైనా గానీ ఒక్క పూట కూడా మానొద్దని మా ఊరి డాక్టరు చెప్పారు కదా" అంది. టెల్మిసార్టనే, ఇంకో పేరుతో. అదే కవర్లో మోకాళ్ళ నొప్పులకి ఆర్‌ఎంపీ ఇచ్చిన డైక్లోఫెనాక్ కూడా ఉంది, అదీ రోజూ వేస్తోంది. రెండూ ఆపించాక రెండు రోజుల్లో పొటాషియం దిగింది. ఆ పిల్ల తప్పేమీ లేదు, ఎవరూ అడగలేదు కాబట్టి చెప్పలేదు. అడగాల్సింది నేను.

కాబట్టి కొత్తగా చేరిన ప్రతి పేషెంటు దగ్గరికీ 24 గంటల్లోపు వెళ్ళండి. సంచి తెప్పించి మంచం మీద గుడ్డ పరిచి అన్నీ బయట పెట్టించండి. షీటు మీంచి రెండేసి మాత్రలు కత్తిరించి ఇచ్చి ఉంటారు, పేరు సగమే కనబడుతుంది, గడువు తేదీ ఉన్న ముక్క షాపులోనే ఉండిపోయి ఉంటుంది, కాగితం పొట్లంలో చుట్టిన తెల్ల మాత్రలు కొన్ని ఉంటాయి. గుర్తుపట్టలేనిదాన్ని ఊహించి రాయొద్దు, "గుర్తు తెలియని మాత్ర" అనే రాసి, కొన్న షాపుకి ఫోన్ చేయించండి. షాపతనికి ఆ ఇంటివాళ్ళు గుర్తుంటారు, చెప్పేస్తాడు.

"ఏం మందులు వాడుతున్నారు?" అని అడిగితే "ఏమీ లేవు బాబూ" అంటారు. వాళ్ళ దృష్టిలో షుగర్ బిళ్ళ మందు కాదు, అది అన్నంతోపాటు రోజూ ఉండేదే. అందుకని రోజు పొడుగునా నడిపిస్తూ అడగండి. పొద్దున లేవగానే ఏం వేసుకుంటారు పెద్దమ్మా, టిఫిన్ అయ్యాక, రాత్రి పడుకోబోయే ముందు, నొప్పులొస్తే ఏం కొనుక్కుంటారు, నిద్ర పట్టకపోతే, గ్యాస్ పట్టేస్తే, కంట్లో చుక్కలు, పీల్చే మందు, వారానికోసారి వేసుకునేది, ఆకు పసరు. ఆఖరికి "ఈ వారంలో ఎన్ని పూటలు మర్చిపోయారు?" అనండి. మర్చిపోయారా అంటే లేదనేస్తారు, ఎన్ని పూటలు అంటే నిజం చెప్తారు. ఒడియా వాళ్ళతో నాలుగు ముక్కలు వస్తే చాలు, పని జరిగిపోతుంది: ఖాలి పేటరే అంటే పరగడుపున, ఖాఇబా ఆగరు అంటే తినక ముందు, ఖాఇబా పరే అంటే తిన్నాక, సకాళే, రాతిరే. పెద్దవాళ్ళని మావుసీ అని పిలిస్తే సంచి దానంతట అదే బయటికొస్తుంది. సవర వాళ్ళకి మాత్రం వార్డులో వాళ్ళ భాష తెలిసిన ఆయానో, పక్క మంచం చుట్టాన్నో దగ్గర పెట్టుకోండి, తలూపారు కదా అని అర్థమైందనుకోకండి.

చూడ్డం అయ్యాక సంచి మళ్ళీ మంచం కింద పెట్టకూడదు. కవర్లో కట్టి, పేరు రాసి, ఇంటికి పంపించాలి, లేదా సిస్టర్ దగ్గర అలమారలో పెట్టించాలి. "ఇక్కడున్నన్నాళ్ళూ సిస్టరమ్మ ఇచ్చిన బిళ్ళే, మీ దగ్గరివి వద్దు" అని అమ్మకి కాదు, రాత్రి కాపలా పడుకునే మనిషికి చెప్పండి.

ఇప్పుడు కేస్ షీట్. ముప్పై మంది ఉన్న వార్డులో అందర్నీ సమానంగా చూడ్డం ఒక్కరి వల్ల కాదు, ఎవర్ని ముందు చూడాలో తేల్చుకోవడమే సగం పని. నా వరుస చెప్తాను: కిడ్నీ దెబ్బతిన్నవాళ్ళు, రక్తం పలచబడే మందుల మీదున్నవాళ్ళు, ఇన్సులిన్ వాళ్ళు, రైల్స్ ట్యూబ్ (ముక్కులోంచి కడుపులోకి వేసే గొట్టం) ఉన్నవాళ్ళు, ఫిట్స్ మందుల వాళ్ళు, పదికి మించి మందులున్నవాళ్ళు, గర్భిణులు, నిన్న ఐసీయూ నుంచి వార్డుకి మారినవాళ్ళు. ఈ ఆఖరివాళ్ళని మర్చిపోకండి. ఐసీయూలో నాలుగు రోజుల కోసం పెట్టిన గ్యాస్ ఇంజెక్షన్, నిద్ర మందు చార్టుతోపాటు కిందికి దిగి, అక్కణ్ణుంచి డిశ్చార్జ్ చీటీలోకి, అక్కణ్ణుంచి ఆ మనిషి జీవితంలోకి వెళ్ళిపోతాయి.

కిడ్నీ లెక్క మాత్రం కొంచెం నిదానంగా చెప్తాను, ఎందుకంటే మా దగ్గర సగం పని అదే. ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఎలా పీడిస్తోందో ఇక్కడ అందరికీ తెలుసు, కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు, కానీ ఆ కిడ్నీ మీదికి మనం పంపే మందు మోతాదు మన చేతిలో ఉంది. కాక్‌క్రాఫ్ట్ గాల్ట్ లెక్క: 140 లోంచి వయసు తీసేసి, బరువుతో గుణించి, దాన్ని 72 ఇంటూ క్రియాటినిన్‌తో భాగించాలి, ఆడవాళ్ళకైతే వచ్చినదాన్ని 0.85తో గుణించాలి. పైన చెప్పిన పెద్దావిడనే తీసుకోండి, బరువు 45 కిలోలు. 78 ఇంటూ 45 అంటే 3510, దాన్ని 151.2తో భాగిస్తే 23 చిల్లర, 0.85తో గుణిస్తే దాదాపు 20. ల్యాబ్ కాగితం మీద 2.1 చూసి "కొంచెం ఎక్కువ" అనిపిస్తుంది, లెక్క వేస్తే కిడ్నీ నిమిషానికి 20 మిల్లీలీటర్లే శుభ్రం చేస్తోందని తెలుస్తుంది. ఆ 20 దగ్గర షుగర్ మందు మెట్‌ఫార్మిన్ ఉండకూడదు, యాంటీబయాటిక్ మెరోపెనెం 1 గ్రాము ఎనిమిది గంటలకోసారి కాదు, 500 మి.గ్రా. పన్నెండు గంటలకోసారి, రక్తం పలచబడే ఎనాక్సాపారిన్ చికిత్స మోతాదు రోజుకి రెండుసార్లు కాదు, కిలోకి 1 మి.గ్రా. చొప్పున ఒక్కసారి. బరువు ఖచ్చితంగా తూయించండి, కేస్ షీట్లో ఊరికే 60 అని రాసేస్తారు.

ఇక్కడ రెండు జాగ్రత్తలున్నాయి. క్రియాటినిన్ రోజురోజుకీ మారుతున్నప్పుడు ఈ లెక్క నిజం చెప్పదు: నిన్న 1.2, ఇవాళ 2.4 అయితే కిడ్నీ అసలు స్థితి లెక్క చూపించినదాని కన్నా బాగా కింద ఉంటుంది, తగ్గుతూ వస్తుంటే దానికి ఎదురు. రెండోది ఇంకా ముఖ్యం. సెప్సిస్‌తో (ఇన్‌ఫెక్షన్ ఒళ్ళంతా ముదిరి) వచ్చినవాళ్ళకి యాంటీబయాటిక్ మొదటి డోసు ఎప్పుడూ పూర్తిగా వెళ్ళాలి, కిడ్నీ ఎలా ఉన్నా సరే. తగ్గించేది తర్వాతి డోసుల్లోనే, అదీ మొదటి రోజు రెండు రోజులు తొందరపడకుండా, డాక్టరుతో మాట్లాడి. కొత్తగా లెక్క నేర్చుకున్న ఉత్సాహంలో మొదటి డోసే కోసేసిన పిల్లల్ని చూశాను. ఇన్‌ఫెక్షన్‌తో పోరాడుతున్న మనిషికి అది చాలా అన్యాయం.

చార్టు చదివేటప్పుడు రాతని నమ్మకండి. యూనిట్లు అనడానికి బదులు ఒక్క ఇంగ్లీషు అక్షరం U పెడితే అది సున్నాలా కనబడి 10 కాస్తా 100 అయిపోతుంది. ఇన్సులిన్ దగ్గర ఇంకో గండం ఉంది: మన దగ్గర వయల్‌లో మిల్లీలీటరుకి 40 యూనిట్లది ఉంటుంది, 100 యూనిట్లదీ ఉంటుంది, సిరంజీలు కూడా వేరు, ఎర్ర మూత 40ది, నారింజ మూత 100ది. 100 వయల్‌లోంచి 40 సిరంజితో పది గీతల దాకా లాగితే వెళ్ళేది 25 యూనిట్లు. ఇది చెప్తే అర్థం కాదు, సిస్టర్ల ముందు రెండు సిరంజీలూ పక్కపక్కన పెట్టి నీళ్ళతో లాగి చూపించండి. నేను ప్రతి కొత్త బ్యాచ్‌కీ చూపిస్తాను.

పొటాషియం క్లోరైడ్ ఆంప్యూల్ 10 మిల్లీలీటర్లలో 20 మిల్లీ ఈక్వివలెంట్లు ఉంటాయి, అది నేరుగా నరంలోకి వెళ్తే గుండె ఆగిపోతుంది. సెలైన్‌లో కలిపి, బాటిల్‌ని బాగా తిప్పి, మామూలు వార్డులో చేతి నరం ద్వారా గంటకి 10కి మించకుండా. ఆ ఆంప్యూల్స్ మిగతా వాటితో కలిపి ట్రేలో పడి ఉంటే ఆ రోజు మిగతా పనులన్నీ పక్కన పెట్టి వాటిని వేరే డబ్బాలో పెట్టించండి. యాంటీబయాటిక్ వాంకోమైసిన్ 1 గ్రాము గంటకి తక్కువ కాకుండా ఎక్కించాలి, తొందరగా ఎక్కిస్తే ఒళ్ళంతా ఎర్రబడి బీపీ పడిపోతుంది, దాన్ని అలర్జీ అని రాసేసి మంచి మందుని ఆ మనిషికి శాశ్వతంగా దూరం చేసేస్తారు. సెఫ్‌ట్రయాక్సోన్‌ని రింగర్ లాక్టేట్‌తో కలపకూడదు, అందులో కాల్షియం ఉంటుంది. పసిపిల్లల వార్డులో అయితే ఇది ప్రాణాల మీదికి వస్తుంది.

రైల్స్ ట్యూబ్ పేషెంటు దగ్గర ఒకసారి డోసు ఇచ్చే టైముకి నిలబడి చూడండి, చార్టులో కనబడనివి కనబడతాయి. పక్షవాతం వచ్చిన ఒక తాతగారి దగ్గర సిస్టర్ చిన్న రాతి కల్వంలో ఆరు మాత్రలూ ఒకేసారి వేసి నూరుతోంది. గులాబీ పొర ఒకటి, పసుపు పొర ఒకటి పొడిలో తేలుతున్నాయి. అందులో మెటోప్రొలాల్ ఎక్స్‌ఎల్ ఉంది, అది రోజంతా మెల్లగా కరగాల్సింది, నూరితే మొత్తం ఒక్కసారే దిగి బీపీ, నాడి రెండూ పడిపోతాయి. పాంటోప్రజోల్ ఉంది, ఆ పొర కడుపులో ఆమ్లం నుంచి మందుని కాపాడ్డానికే, నూరితే అది పేగుదాకా చేరదు. ఫిట్స్ మందు ఫెనిటాయిన్ ఉంది, ట్యూబ్‌లో పాలు పోస్తున్నప్పుడు ఇస్తే సరిగా ఒంటికి పట్టదు, గంటో రెండు గంటలో ముందూ వెనకా ఫీడ్ ఆపాలి. పేరు చివర ఎక్స్‌ఎల్, ఎస్‌ఆర్, సీఆర్, ఈఆర్ లాంటి అక్షరాలుంటే నూరొద్దని ఒక కాగితం రాసి ట్రాలీకి అంటించండి. ఊరికే "నూరొద్దు దీదీ" అంటే లాభం లేదు, ఆమె డోసు ఎలాగోలా ఇవ్వాలి కదా. ఎక్స్‌ఎల్ బదులు మామూలు మెటోప్రొలాల్ రోజుకి రెండుసార్లు, పాంటోప్రజోల్ మాత్ర బదులు ఇంజెక్షనో సాచెట్‌లో దొరికే రకమో, ఇలా డాక్టరుతో మాట్లాడి రాయించి అప్పుడు చెప్పండి. మాత్రలు విడివిడిగా నూరి, ఒక్కోదాని తర్వాత నీళ్ళు పోయాలి, లేకపోతే ట్యూబ్ మూసుకుపోతుంది.

రౌండ్స్‌లో మాట్లాడ్డం చాలామందికి పెద్ద టెన్షన్. ఫార్మ్‌డీ మన దేశంలో 2008లోనే మొదలైంది, ఆరేళ్ళ చదువు, చివరి ఏడాది ఆసుపత్రిలోనే ఇంటర్న్‌షిప్, అయినా పెద్ద డాక్టర్లలో కొందరికి మనం కింద మందుల కౌంటర్ నుంచి పైకొచ్చినవాళ్ళలాగే కనబడతాం. వాదించి గెలిచేది కాదిది. సమస్య, అంకె, పరిష్కారం, మూడూ ఒక్క ఊపిరిలో చెప్పడం నేర్చుకోండి: "సార్, 14వ బెడ్ క్లియరెన్స్ 20 వచ్చింది, మెరోపెనెం 500 పన్నెండు గంటలకోసారి చేద్దామా?" అంతే. "సార్, డోసు ఎక్కువేమో" అంటే ఎవరూ తల తిప్పి చూడరు. పేషెంటు ముందు అస్సలు వద్దు, మంచం దాటాక చెప్పండి, మరీ ప్రమాదమైతే మాత్రం అక్కడే ఆపండి, డోసు లోపలికి వెళ్ళిపోయాక మర్యాదలతో పనిలేదు. చార్టు మీద మనం దిద్దకూడదు, అది డాక్టరు చెయ్యాలి. మన సలహా, తేదీ, టైము, ఒప్పుకున్నారా లేదా, మన రిజిస్టర్లో రాసుకోవాలి. కాదన్నారంటే కారణం అడగండి. చాలాసార్లు మనకి తెలియని కారణం ఉంటుంది, ఆ కారణమే రేపటికి మన చదువు.

వానాకాలంలో రాయగడ, గజపతి, కొరాపుట్ వైపు నుంచి ముదిరిన మలేరియా కేసులు వస్తాయి, అప్పుడు ఆర్టిసునేట్ కలిపే పని పక్కనుండి చూడాలి. 60 మి.గ్రా. వయల్‌ని ముందు దాంతో వచ్చిన బైకార్బొనేట్ 1 మిల్లీలీటరుతో కరిగించి, తేటపడ్డాక 5 మిల్లీలీటర్ల సెలైన్ కలిపితే మిల్లీలీటరుకి 10 మి.గ్రా. అవుతుంది, గంటలోపు వాడెయ్యాలి. కిలోకి 2.4 మి.గ్రా., 20 కిలోల లోపు పిల్లలకి 3. చేరగానే ఒకటి, 12 గంటలకి, 24 గంటలకి, తర్వాత రోజుకోటి. జ్వరం తగ్గిందని రెండో డోసుతో ఆపెయ్యకూడదు, కనీసం మూడు వెళ్ళాలి, ఆ తర్వాత నోటి ద్వారా ఏసీటీ (ఆర్టిమిసినిన్ కలిసిన మలేరియా మాత్రలు) పూర్తి కోర్సు. ప్రైమాక్విన్ రాస్తే జీ6పీడీ (ఎర్ర రక్తకణాల్ని కాపాడే ఎంజైము) పరీక్ష అయిందా అని అడగండి, కొండ ప్రాంతాల వాళ్ళలో ఆ లోపం ఉన్నవాళ్ళున్నారు, వాళ్ళకి రక్తకణాలు విరిగిపోతాయి. ఆర్టిసునేట్ తర్వాత ఒకటి నుంచి నాలుగు వారాల్లో కూడా రక్తం పడిపోవచ్చు, కాబట్టి హిమోగ్లోబిన్ పరీక్షకి మళ్ళీ రావాల్సిన తేదీ చీటీ మీద రాయించండి.

మందు పడక దద్దుర్లో వాపో వస్తే, ఏ మందు ఏ రోజు మొదలైందో తేదీలతో ఒక గీత గీసుకోండి, దోషి దానంతట అదే కనబడుతుంది. ఆ తర్వాత ఫారం నింపి పంపండి. 2010లో మొదలైన ఫార్మకోవిజిలెన్స్ ప్రోగ్రాం ఘాజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ నుంచి నడుస్తుంది, హెల్ప్‌లైన్ 1800-180-3024. రుజువు అక్కర్లేదు, అనుమానం ఉంటే చాలు. పేషెంటుకి మాత్రం ఆ మందు పేరు ఒక కార్డు మీద తెలుగులోనూ ఒడియాలోనూ రాసివ్వండి, రేపు ఏ గట్టున ఏ ఆసుపత్రికి వెళ్తారో తెలియదు.

ఇక డిశ్చార్జ్. బిల్లు కట్టేసి ఆటో పిలిచాక మనం వెళ్తే ఎవరూ వినరు, ముందు రోజు సాయంత్రమే కూర్చోండి. కంపెనీ పేరు కింద మందు పేరు రాయండి, ఎందుకంటే ఇక్కడి బ్రాండ్ అక్కడి షాపులో ఉండదు, వాళ్ళు వేరేది ఇస్తారు, అది కొత్త మందు అనుకుని రెండూ మింగుతారు. చదువు రానివాళ్ళకి సూర్యుడు, చంద్రుడు బొమ్మలు. షుగర్ మాత్ర వేసుకునేవాళ్ళని ఉపవాసాల సంగతి అడిగి తీరాలి, కార్తీక సోమవారాలు మనవాళ్ళకి, మార్గశిర గురువారాలు ఒడియా ఇళ్ళలో ఆడవాళ్ళకి, ఆ రోజు గ్లిమెపిరైడ్ వేసుకుని ఏమీ తినకపోతే కళ్ళు తిరిగి పడిపోతారు. ఆ రోజు ఏం చెయ్యాలో డాక్టరు చేత రాయించండి. మొదలుపెట్టినవి ఎలాగూ అందరూ చెప్తారు. ఆపేసినవి ఏవో చెప్పేవాళ్ళే ఉండరు, అది మన పని. ఇంటికి పంపిన సంచి మళ్ళీ తెప్పించి, ఆపేసిన మాత్రల షీటు మీద వాళ్ళ ముందే మార్కర్‌తో అడ్డంగా గీత కొట్టి, ఎందుకు ఆపామో చెప్పి, తిరిగి వాళ్ళ చేత చెప్పించుకోండి.

కవిటి పెద్దావిడ కూతురికి అలాగే చెప్పాను. రెండు షీట్ల మీద గీత కొట్టి, "ఇదేంటమ్మా, ఇప్పుడు చెప్పు" అన్నాను. "ఇది ఆ ఊళ్ళో బీపీ బిళ్ళ, ఇది ఈ ఊళ్ళో బీపీ బిళ్ళ, రెండూ ఒకటే, రెండూ వద్దు. నొప్పుల బిళ్ళ అసలే వద్దు, కిడ్నీ" అంది. నెల తర్వాత చూపించుకోడానికి వచ్చినప్పుడు అదే జిప్ కవరు తెచ్చింది, నేను అడగకుండానే విప్పి బల్ల మీద పెట్టింది. పొటాషియం 4.6.